గుమ్మం ముందు గురుగ్రహం

విశ్వం ముందు మనిషెంత అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఉపన్యాసాల్లో అంటారు, చావింట్లో అంటారు, అన్నం తిని తాంబూలం వేసుకుంటూ అరుగు మీద అంటారు. నాకు ఆ మాట మొదటిసారి చెప్పింది మా హెడ్మాస్టరు గారు. చెప్పి, నా ముందుకి ఒక టీ గ్లాసు జరిపారు. అప్పటికి పావుగంట క్రితమే, నా కళ్ళెదుట, నా క్లాసు పిల్ల ఒకతి ఏం చేయాల్సి వచ్చిందో రాస్తే తప్ప నా కోపం ఎవరికీ అర్థం కాదు. అందుకే రాస్తున్నాను.

ఎనభై ఆరో సంవత్సరం మొదట్లో సంగతి. గుంటూరు, ప్రకాశం జిల్లాలు కలిసేచోట ఉన్న ఒక ఊరి హైస్కూల్లో నేను సైన్సు టీచర్ని. ఇరవై ఆరేళ్ళు. మా నాన్న పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో పనిచేసినవాడు. నన్ను మాత్రం గుంటూరు మిషన్ హాస్టల్లో వేసి చదివించాడు. ఆ ఊళ్ళో నన్నెవరూ నువ్వెవరివని నోరు తెరిచి అడగలేదు. బొట్టు లేని నొసలు చూశాక అడగాల్సిన పనేముంది? టీచరమ్మా అని మర్యాదగానే పిలిచేవాళ్ళు. మంచినీళ్ళు అడిగితే చెంబు ఎత్తి దోసిట్లో పోసేవాళ్ళు. నేను కూడా మర్యాదగానే తాగేదాన్ని. ఆ మర్యాదే నన్ను తర్వాత ముంచింది.

మా బడి ఊరికి ఉత్తరాన బస్సు రోడ్డు పక్కన ఉండేది. గేటు దాటితే తిన్నగా పెద్దవీధి. వీధి చివర కాలవ. కాలవ అవతల, పొలాలు దాటాక, పల్లె. పల్లె అంటే మా వాళ్ళుండే చోటు. చిన్న చర్చి, దాని చుట్టూ ఇళ్ళు. అక్కడి పిల్లలు బడికి పెద్దవీధిలోంచి వచ్చేవాళ్ళు కాదు. కాలవ గట్టెక్కి, ఊరంతా చుట్టి, జిల్లేడు తుప్పల పక్కగా వెనక గేటులోంచి వచ్చేవాళ్ళు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. తెలిసిన సంగతి ఎవరడుగుతారు?

ఆ ఏడాది తోకచుక్క వస్తోందని పేపర్లన్నీ రాశాయి. డెబ్భై ఆరేళ్ళకోసారి వస్తుందని, మళ్ళీ చూడాలంటే మన మనవలే చూడాలని. ఊళ్ళో దాని గురించి నడిచే కబుర్లు వేరు. పశువులకి గాలికుంటు జబ్బొస్తుందని, కడుపుతో ఉన్నవాళ్ళు బయటికి రాకూడదని, పెద్ద తలకాయ ఏదో రాలుతుందని. తొమ్మిదో తరగతిలో ఇదంతా కొట్టెయ్యాలని నేను పాఠం మొదలుపెట్టాను. సూర్యుడికీ భూమికీ మధ్య దూరం ఎంత? నలభైమందీ ఒక్క గొంతుతో అరిచారు, "పదిహేను కోట్ల కిలోమీటర్లు!" ఎక్కం అప్పజెప్పినట్టు.

వెనక వరసలోంచి ఒక పిల్ల లేచి నిలబడింది. పల్లె పిల్ల. పద్నాలుగేళ్ళుంటాయి. రెండు వారాలు మిరపకోతలకి వెళ్ళి, ఆ రోజే బడికి వచ్చింది. వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని ఉంది. మిరపకాయలు కోసిన చేతుల మంట ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి ఆ పీలికల సంగతి చెప్పక్కర్లేదు.

"పదిహేను కోట్లంటే ఎంతండీ?" అంది.

క్లాసంతా నవ్వింది.

"అట్టా కాదండీ. నడిస్తే ఎన్నాళ్ళు పడుద్దని."

నేను బోర్డు మీద లెక్క వేశాను. రోజుకి నలభై కిలోమీటర్ల చొప్పున, ఆగకుండా నడిస్తే, పదివేల ఏళ్ళు దాటుతుంది. నవ్వు ఆగిపోయింది. నాకు కూడా ఆ క్షణం దాకా ఆ సంగతి తెలియదు. నిజంగా తెలియదు. బి.ఎస్సీ. చదివాను, బి.ఇడి. చేశాను, మూడేళ్ళుగా పదిహేను కోట్లని చెబుతున్నాను. అదెంత దూరమో నన్నెవరూ అడగలేదు, నేనెవర్నీ అడగలేదు. నా చదువు మీద నాకే కోపం వచ్చింది.

క్లాసయ్యాక ఆ పిల్ల బల్ల దగ్గరికి వచ్చింది. లంగా అంచులో ఇరుక్కున్న మిరపగింజ ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

"భూమి ఇంతనుకోండి టీచర్. అప్పుడు సూర్యుడు యాడుంటాడు?"

ఆ సాయంత్రం స్టాఫ్ రూములో మేమిద్దరం కూర్చుని లెక్క కట్టాం. గింజ అడ్డం మూడు మిల్లీమీటర్లు వచ్చింది. భూమి అంత ఉంటే సూర్యుడు జానెడున్నర వెడల్పున్న కుండ. ఆ కుండకీ గింజకీ మధ్య ముప్పై అయిదు మీటర్లు. ఆ పిల్లకి అంగలతో కొలవడం బాగా వచ్చు. పొలంలో సాళ్ళు కొలిచి తల్లికి చెప్పేదట. ఆమె అంగతో యాభై. చంద్రుడు గింజ నుంచి అరచేతి వెడల్పులో ఉంటాడు. మనిషి ఇప్పటిదాకా కాలు పెట్టిన దూరం అంతే, ఒక అరచెయ్యి. గురుగ్రహం నిమ్మకాయంత, రెండు వందల అరవై అంగల దూరంలో. శని ఇంకాస్త చిన్న నిమ్మకాయ, దాదాపు అయిదు వందల అంగలు. చివరి గ్రహం ఇసుక రేణువంత, పందొమ్మిది వందల డెబ్భై అయిదు అంగలు. బడి గేటు దగ్గర కుండ పెట్టి తిన్నగా నడిస్తే, ఆ రేణువు వాళ్ళ పల్లెలో చర్చి మెట్ల దగ్గర పడుతుంది.

"మా చర్చికాడా!" అని ఆ పిల్ల లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుని, "మరి ఆ తర్వాత నక్షత్రమో?" అంది.

మనకి అన్నిటికన్నా దగ్గర నక్షత్రం ఈ లెక్కన తొమ్మిదివేల కిలోమీటర్ల పైన. గుంటూరు నుంచి మద్రాసుకి పన్నెండుసార్లు వెళ్ళి పన్నెండుసార్లు తిరిగొచ్చినంత. మధ్యలో ఏమీ లేదు. ఒక్క గింజ కూడా లేదు. ఆ పిల్ల తన పీలికల వేళ్ళతో ఆ గింజని బల్ల మీద అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది. నా ఉద్యోగంలో అంత మంచి సాయంత్రం మళ్ళీ రాలేదు.

శనివారం పొద్దున క్లాసంతా కలిసి ఆ దూరం నడుద్దామని నిర్ణయించాను. హెడ్మాస్టరు గారు, "మంచి ఆలోచనమ్మా, ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో రాసుకోవచ్చు" అన్నారు. పెద్దవీధిలోంచి వెళ్ళాల్సి ఉంటుందని నేను చెప్పలేదు. ఆయన అడగలేదు. వరస తిన్నగా ఉండాలి కదా, కాలవ గట్టు వంకర తిరుగుతుంది. నేను ఆలోచించింది అంతే. తర్వాత చాలామంది నన్ను, కావాలనే చేశావా, అని అడిగారు. కావాలని చేసి ఉంటే బాగుండేది. అప్పుడు ఎదురు మాట్లాడటానికి సిద్ధపడి ఉండేదాన్ని.

కుండకి పసుపు రాసి గేటు స్తంభం మీద పెట్టాం. మొదటి గ్రహానికి గసగసాల గింజ, రెండోదానికి మిరపగింజ, భూమికి ఇంకో మిరపగింజ, అంగారకుడికి ఆవగింజ. ఒక్కొక్కదాని కింద పేరు రాసిన కాగితం. భూమి దగ్గర పిల్లలంతా గొంతుక్కూర్చుని కదలం అన్నారు. మన ఊరెక్కడుందండీ ఇందులో? సముద్రం ఎక్కడండీ? నేను వాళ్ళకి చెబుతూ అక్కడే ఉండిపోయాను. ఆ పిల్ల మాత్రం లెక్క తప్పిపోతుందని ఆగలేదు. నిమ్మకాయ చేత్తో పట్టుకుని, పెదాలతో అంకెలు గొణుక్కుంటూ, ముందుకి వెళ్ళిపోయింది. వెనక ఇద్దరు ఆడపిల్లలు.

రెండు వందల అరవయ్యో అంగ బడి కమిటీ ప్రెసిడెంటు గారి గుమ్మం ముందు పడింది.

ఆ పిల్ల నిమ్మకాయని మెట్టు పక్కన, ముగ్గు మీద పెట్టింది. కాగితం ఎగిరిపోకుండా దాని కింద పెట్టి సర్దుతుండగా తలుపు తెరుచుకుంది. ప్రెసిడెంటు గారి కోడలు. ఏడో నెల. గుమ్మం ముందు నిమ్మకాయ, దాని ముందు వంగిన పల్లె పిల్ల, ఆకాశంలో రాబోతున్న తోకచుక్క. ఆమె పెట్టిన కేక నాకు రెండు వందల అంగల ఇవతలికి వినిపించింది.

నేను పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి వీధి వీధంతా అరుగుల మీద నిలబడి ఉంది. ప్రెసిడెంటు గారు బనీనుతో బయటికొచ్చారు. యాభై అయిదేళ్ళ మనిషి. మా బడి వరండా ఆయన కట్టించిందే.

"ఎవుత్తివే నువ్వు? యాడికొచ్చి ఏం పెడతన్నావు?" అని అరుస్తున్నారు.

ఆ పిల్ల బెదరలేదు. నాకు బాగా గుర్తు. "గురుగ్రహమండీ" అంది.

"గ్రహమా! మా గుమ్మం ముందు గ్రహం పెడతావటే? ఎవరు పెట్టమన్నారే?"

"నేనేనండీ" అన్నాను నేను. "సైన్సు పాఠమండీ. సూర్యుడి నుంచి గ్రహాల దూరాలు..."

"పాఠమైతే బళ్ళో చెప్పుకోవాల. కడుపుతో ఉన్న పిల్ల ఇంటి ముందు నిమ్మకాయలు పెట్టేదేం పాఠం? అదీ ఈళ్ళ చేతా? ఈ వీధిలోకి ఈళ్ళని ఎవరు తోలుకొచ్చారు?"

నేను చెప్పాను. కుండ అన్నాను, గింజ అన్నాను, అంగలన్నాను. చేతులు కట్టుకుని, తల వంచుకుని, అండీ అండీ అంటూ చెప్పాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. మా నాన్న బట్టీ ఓనరు దగ్గర మాట్లాడే గొంతు అది. ఇంతలో ఎవరో కబురుపెడితే హెడ్మాస్టరు గారు సైకిలు మీద వచ్చారు. ఆయన ఎమ్మెస్సీ. ఫిజిక్సు. ఆ వీధి మొత్తంలో గురుగ్రహం అంటే ఏమిటో తెలిసిన మనిషి నేను కాక ఆయనొక్కడే. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆయన నిమ్మకాయ వంక చూశారు. ప్రెసిడెంటు గారి వంక చూశారు.

"చిన్నపిల్ల, తెలీక చేసిందండి. మీరే పెద్దమనసు చేసుకోవాలి" అన్నారు.

లోపల్నించి ప్రెసిడెంటు గారి తల్లి మాట వచ్చింది. ముసలావిడ. ఆమె మొహం నేను చూడలేదు. "అందులో ఏం లేకపోతే ఆ కాయ దాన్నే తినమనండి. పెట్టినోళ్ళు తింటే దోషం పోద్ది."

వీధి అంతా అవునంది. అవును, తినమనండి. నేను హెడ్మాస్టరు గారి వంక చూశాను. ఆయన నా వంక చూడకుండా ఆ పిల్లతో అన్నారు, "తినమ్మా, నిమ్మకాయేగా. తినేస్తే గొడవుండదు."

ఆ పిల్ల తిన్నది.

తొక్కతో, గింజలతో, ముగ్గుపిండి అంటిన కాయని. పళ్ళతో కొరికినప్పుడు రసం వేళ్ళ మీద కారింది. పీలికలు తడిశాయి. మిరపకోతకి పగిలిన వేళ్ళ మీద నిమ్మరసం పడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు, మా అమ్మ చేతులు అవే. ఆ పిల్ల చెయ్యి విదిలించలేదు, ఏడవలేదు. నములుతూ నా వంకే చూసింది. వెనక నా నలభైమంది పిల్లలు వచ్చి నిలబడ్డారు. ఒక పిల్ల కాయ తినడానికి ఎంతసేపు పడుతుంది? ఆ అయిదు నిమిషాల్లో నేనొక మాట అనుంటే, ఆగమ్మా అని చెయ్యి పట్టుకునుంటే, సగం నాకివ్వు అనైనా అనుంటే! ఏమీ అనలేదు. నా కొంగు అంచు వేళ్ళకి చుట్టుకుంటూ నిలబడ్డాను.

ఆ తర్వాతే హెడ్మాస్టరు గారు నన్ను గదికి పిలిచి టీ తెప్పించారు.

"కూర్చోమ్మా. మీరు ఖగోళం చెబుతారు కాబట్టి మీకు చెప్పక్కర్లేదు. అనంతమైన విశ్వం. కోటానుకోట్ల నక్షత్రాలు. దాని ముందు మనమెంత, మన గొడవలెంత, ఒక నిమ్మకాయెంత? పెద్దగా ఆలోచిస్తే ఇవన్నీ చాలా చిన్న విషయాలు. వదిలెయ్యండి."

నేను ఆ టీ తాగాను. అది కూడా రాయాలి. తాగాను.

బస్సులో ఇంటికి వెళ్తుంటే అప్పుడు వచ్చింది కోపం. కిటికీ చువ్వ పట్టుకుని పైకే గొణుక్కుంటుంటే, నా పక్కన కూర్చున్న ఆవిడ లేచి వేరే సీటుకి వెళ్ళిపోయింది. విశ్వం పెద్దదైతే ఆ పిల్ల నోరు చిన్నదవుతుందా? నక్షత్రాలు కోట్లు ఉంటే వేళ్ళ మంట తగ్గుతుందా? అంత చిన్న విషయమే అయితే, ఆ చిన్న విషయం ప్రెసిడెంటు గారు వదిలెయ్యొచ్చుగా? ఆయనకెందుకు చెప్పలేదు విశ్వం ఎంతుందో? చిన్నవాళ్ళకే చెబుతారు, నువ్వు చిన్నదానివని. పల్లె వాళ్ళకి తాము ఎంత చిన్నో చెప్పడానికి ఆకాశం కావాలా, పెద్దవీధి చాలదా?

ఆ పిల్ల వారం రోజులు బడికి రాలేదు. ఎనిమిదో రోజు నేను పల్లెకి వెళ్ళాను. గట్టు మీద నుంచే వెళ్ళాను. ఆమె తల్లి కల్లంలో మిరపకాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతోంది. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని ఉంది. నన్ను చూసి గుడ్డ విప్పలేదు.

"ఎందుకొచ్చారు టీచరమ్మా?"

"పాపని బడికి పంపమ్మా. బాగా చదివే పిల్ల."

"పంపితే ఏం తినిపిస్తారు ఈసారి?"

ఆమె గుడ్డలోంచే మాట్లాడింది. "మీకేం, ఉద్యోగముంది. రేపో మాపో ట్రాన్స్‌ఫరు రాయించుకుని పోతారు. మేం యాడికి పోతాం? ఈ కల్లం ఆ ప్రెసిడెంటుదే. వారం కిందట మమ్మల్ని పనిలోకి వద్దన్నాడు. కాళ్ళు పట్టుకుంటే మళ్ళీ రానిచ్చాడు. మా వాళ్ళేగా మీరు కూడా? మీకు తెలవదా ఆ వీధి సంగతి?"

తెలుసు. అదే కదా.

ఆ పిల్ల కాయల కుప్ప అవతల నుంచి లేచి వచ్చింది. నోటి మూలలు పుండ్లు పడి ఉన్నాయి. నేను తల మీద చెయ్యి వెయ్యబోతే జరిగింది.

"నేను ఆ కాయ తింటంటే మీరెందుకు మాట్లాడలేదండీ?"

"భయమేసిందే" అన్నాను. అంతకన్నా నిజం నా దగ్గర లేదు.

"నాకు గూడా ఏసింది" అంది ఆ పిల్ల. మళ్ళీ వెళ్ళి తాలు ఏరుతూ కూర్చుంది.

ఆ రాత్రే పై అధికారికి ఫిర్యాదు రాశాను. నాలుగు పేజీలు. ప్రెసిడెంటు గురించి రాశాను, హెడ్మాస్టరు గురించి రాశాను, నా గురించీ రాశాను. పదిహేను రోజులకి ఒక ఇన్‌స్పెక్టరు గారు విచారణకి వచ్చారు. ప్రెసిడెంటు గారి ఇంట్లో భోజనం చేశారు. పల్లెకి వెళ్ళలేదు. సాయంత్రం బస్సెక్కేముందు నన్ను పిలిచి, సిలబస్‌లో లేని పాఠాలు వీధుల్లో చెప్పాల్సిన అవసరం ఏమొచ్చిందని అడిగారు. నెల తిరక్కుండా నన్ను పొదిలి వైపు ఒక బడికి వేస్తూ ఆర్డరు వచ్చింది. పరిపాలనా సౌలభ్యం కోసమట. తల్లి చెప్పినట్టే అయింది, రాయించుకోకుండానే.

ఆర్డరు చూశాక నా భయం పోయింది. ఇంక పోయేదేముంది? పల్లె చర్చి పాస్టరు గారిని కలిశాను. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద సూర్యుణ్ణి పెట్టుకోనివ్వండి, అన్నాను. ఆయన ముసలాయన. కాసేపు ఆలోచించి, "దేవుడి గుళ్ళో దేవుడు చేసిందాన్ని పెడతానంటే నేనెవర్ని వద్దనడానికి" అన్నాడు.

ఈసారి కుండ నుంచి వరస ఊరి వైపు కాదు, దక్షిణంగా డొంకదారి వెంట పత్తిచేలలోకి. పిల్లలే కాదు, ఆదివారం బట్టలతో పల్లె మొత్తం బయల్దేరింది. అంగలు కొలవడానికి మొదట ఎవరో మగపిల్లవాడు ముందుకొచ్చాడు. పది అంగలు వేశాడో లేదో, చర్చి గోడకి ఆనుకుని నిలబడ్డ ఆ పిల్ల, "అవి అంగలా? దూకుడా?" అంది. వచ్చి వాణ్ణి పక్కకి నెట్టి మళ్ళీ కుండ దగ్గర నుంచి మొదలుపెట్టింది. నాతో మాట్లాడలేదు. గురుగ్రహానికి నేను నిమ్మకాయ తేలేదు. చేలో మిగిలిపోయిన ఎండు పత్తికాయ ఒకటి కోసి అక్కడ పెట్టింది.

అయిదు వందల అంగల దగ్గర సగంమంది ఆగిపోయారు. వెయ్యి దగ్గర ముసలివాళ్ళు గట్టు మీద కూలబడ్డారు. పందొమ్మిది వందల డెబ్భై అయిదు దాకా వచ్చింది పదిమందిమి. ఆ పిల్ల తల్లి కూడా వచ్చింది. ఎర్రటి ఎండ, నల్లటి నేల, కోసేసిన పత్తి మోళ్ళు. వెనక్కి తిరిగి చూస్తే కుండ కనబడటం లేదు. చర్చి గోడ తెల్లగా గోరంత ఉంది. ఇసుక రేణువు ఒకటి ఆ తల్లి అరచేతిలో పెట్టి, ఇదే చివరిదమ్మా, అన్నాను.

"ఆ మిరపగింజ మీదేనా మనమంతా ఉండేది?"

"అవునమ్మా."

"ప్రెసిడెంటు గూడా?"

"ఆయన కూడా."

"ఈ తర్వాత ఏముంది?"

"ఏం లేదమ్మా. ఇంకో నక్షత్రం దాకా అంతా ఖాళీ. మద్రాసుకి పన్నెండుసార్లు పోయొచ్చినంత ఖాళీ."

ఆమె చుట్టూ చూసింది. చేల మీదుగా, కొండల దాకా, మళ్ళీ ఊరి వైపు. ఆమె మొహం ఎర్రబడింది. ఆశ్చర్యంతో అనుకున్నాను. కాదు.

"ఇంత చోటుందా?" అంది. "ఇంత చోటు పెట్టుకుని, నా బిడ్డ ఆ వీధిలో నాలుగడుగులేస్తే ఓర్చుకోలేకపోయారా, ఈళ్ళ నోట్లో మన్ను పడ!"

అరిచి తిట్టింది. పేరు పెట్టి తిట్టింది. ఆ ఖాళీ చేలో ఆ తిట్లు ఎవరికీ వినబడవు, అయినా తిట్టింది. నేను కూడా తిట్టాను. మా పల్లెలో చిన్నప్పుడు విన్నవి, హాస్టల్లో చేరాక మర్చిపోయాననుకున్నవి, అన్నీ నోటికొచ్చాయి. పాస్టరు గారు దూరంగా నిలబడి వేరే దిక్కుకి చూస్తూ ఊరుకున్నాడు. అంత విశాలమైనదాన్ని చూసి మనసు ప్రశాంతమవుతుందని పుస్తకాల్లో రాస్తారు. మా ఇద్దరికీ అలా కాలేదు. గొంతు బొంగురుపోయేదాకా అరిచి, నీళ్ళు తాగడానికి వెనక్కి నడిచాం.

ఆ తర్వాత తోకచుక్క వచ్చింది, పోయింది. మబ్బులో, మసకలో సరిగా కనబడలేదని పేపర్లే రాశాయి. ప్రెసిడెంటు గారి కోడలికి పండంటి బిడ్డ పుట్టిందని విన్నాను. కాయ తినిపించబట్టే క్షేమంగా పుట్టిందని ఊళ్ళో చెప్పుకున్నారట. హెడ్మాస్టరు గారికి ఉత్తమ ఉపాధ్యాయుడని శాలువా కప్పారు. ఇవన్నీ విన్నప్పుడల్లా నాకు ఒక పూట అన్నం సహించేది కాదు.

ఆ పిల్ల మళ్ళీ బడికి వెళ్ళింది. తల్లే పంపిందట. పదో తరగతి ఆ బళ్ళోనే, ఆ హెడ్మాస్టరు దగ్గరే పాసయింది. గుంటూరు మిషన్ హాస్టల్లో ఉండి ఇంటరు చదివింది.

మూడేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం పొదిలి వైపు మా బడికి వచ్చింది. నా అంత ఎత్తయింది. చీర కట్టుకుంది. టీచరు ట్రైనింగుకి దరఖాస్తు పెడుతోందట. చదువు చెప్పినవాళ్ళెవరైనా నడవడిక సర్టిఫికెట్ ఇవ్వాలి. పాత హెడ్మాస్టరు గారు రేపు రా, ఎల్లుండి రా అని నెల తిప్పారట. నేను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. మంచి కాగితం తీసి, నాకు చేతనైనంత బాగా రాశాను. ఈమె ధైర్యవంతురాలు, సత్యవాది అని కూడా రాశాను. ఆ పిల్ల పక్కన నిలబడి చదువుతోంది.

సంతకం పెట్టి, అడక్కుండా ఉండలేక అడిగాను. "నా మీద కోపం పోయిందా?"

ఆమె ఆలోచించింది. మొహమాటపడి కాదు, నిజంగానే ఆలోచించింది.

"పోలేదండీ" అంది. కాగితం మీద వేలు పెట్టి చూపించింది. "కింద తేదీ ఎయ్యలేదు మీరు."

తేదీ వేసి ఇచ్చాను. కాగితాన్ని మడత పడకుండా ఫైల్లో పెట్టుకుని, బస్సుకి టైమవుతోందని వెళ్ళిపోయింది.